తవుడుకి కొన్న పిల్ల

నన్ను కురుపాం మార్కెట్లో తవుడు పోసి కొన్నారు.

ఈ మాట మా ఇంట్లో మొదట ఎవరన్నారో గుర్తులేదు. బడీ ఖాలానే అయ్యుంటుంది, ఇలాంటివన్నీ ఆవిడ నోటి నుంచే వచ్చేవి. పిల్లల్ని ఏడిపించడానికి తెలుగిళ్ళల్లో ఇలా అనడం మామూలేనని, మా వీధిలో సగం మంది పిల్లల్ని తవుడుకో నూకలకో కొన్నారని పెద్దయ్యాక తెలిసింది. కానీ ఆ పిల్లలు కాసేపు ఏడ్చి, వాళ్ళమ్మ మొహం చూసి ఊరుకునేవాళ్ళు. వాళ్ళ ముక్కు, వాళ్ళ రంగు అక్కడ కనబడేవి కదా. నేను మా అమ్మీ మొహం చూస్తే ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది.

అమ్మీ గోరీ. ఆపా అమ్మీ కన్నా గోరీ. భాయ్ గోధుమ రంగు, మగపిల్లాడు కాబట్టి అదీ ఎక్కువే. నేను సావ్లీ. ఇంటికొచ్చిన మెహమాన్‌లు మర్యాదకి అనే మాట అది. ఖాలా పిల్లలకి మర్యాదలేం లేవు, వాళ్ళు నన్ను కోయిలా అనేవారు. వన్ టౌన్‌లో పుట్టిన వాళ్ళకి బొగ్గంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

వన్ టౌన్ చూడని వాళ్ళకోసం రెండు మాటలు. విశాఖపట్నంలో అసలు పట్నం అదే. బీచ్ రోడ్డు, పెద్ద పెద్ద బిల్డింగులు అన్నీ తర్వాత వచ్చినవి. ఒక పక్క హార్బర్, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇవతల మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. ఆ దర్గా కొండ కిందే మా ఇల్లు. పూర్వం ఓడలు హార్బర్‌లోకి వచ్చేటప్పుడు దర్గాకి ఎదురుగా జెండా మూడుసార్లు దించి ఎత్తేవని, సముద్రం మీదికెళ్ళి క్షేమంగా తిరిగొచ్చిన హిందూ ఓడల షావుకార్లు వెండి పడవలు చేయించి సమర్పించుకునేవారని నానీమా చెప్పేది. 1933లో పోర్టు తెరిచాక ఓడలు పెద్దవయ్యాయి. వాటితో పాటు బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలు కూడా. గాలి పోర్టు వైపు నుంచి వీస్తే మా వరండా నల్లగానో ఎర్రగానో అయ్యేది. పొద్దున తుడిచిన గచ్చు మీద జుహర్‌కి వేలితో పేరు రాసుకోవచ్చు. నేను రాసుకునేదాన్ని కూడా, ఒకరోజు ఉర్దూలో, ఒకరోజు తెలుగులో.

అందుకని నా లెక్క నాకుండేది. తెల్ల బట్టలు దండెం మీద ఆరేస్తే సాయంత్రానికి నల్లబడుతున్నాయి. మనుషులు కూడా అంతే అయ్యుండాలి. ఆపా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి తెల్లగా ఉంది. నేను వీధిలో గోలీలాడతాను కాబట్టి నల్లబడ్డాను. బట్టలు ఉతికితే తెల్లబడుతున్నాయంటే నాకూ ఉపాయం ఉండే ఉంటుంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, రమజాన్ చాంద్ కనబడిన రాత్రి, ఇల్లంతా హడావుడిగా ఉంది. అమ్మీ షీర్ ఖుర్మాకి ఖర్జూరాలు తరుగుతోంది, ఆపా చేతులకి మెహెందీ. నాకు పెట్టబోతే బడీ ఖాలా నవ్వి, "దీని చేతికి పెడితే ఎక్కడ కనబడుతుంది, వేస్ట్" అంది. నిజానికి అరచెయ్యి ఎవరిదైనా అరచెయ్యే. నా మెహెందీ ఆపాకన్నా ఎర్రగా పండేది. కానీ ఆ రాత్రి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. తెల్లారకముందే లేచి, ఎవరూ చూడకుండా, స్నానం బకెట్లో నీలిమందు కలిపాను. అబ్బా తెల్ల కుర్తాకి అమ్మీ నాలుగు చుక్కలు వేసేది. నాకు నాలుగు చాలవని తెలుసు. సీసాలో సగం పోశాను.

ఈద్ నమాజ్ నుంచి వచ్చిన మగవాళ్ళు నన్ను చూసి ఆగిపోయారు. చెవుల వెనక, గోళ్ళ సందుల్లో, మెడ మడతల్లో నీలం. ఆ రోజంతా ఈదీ ఇచ్చే ప్రతి మనిషీ "క్యా హువా ఇస్కో" అని అడగడం, ఖాలా పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వడం. ఆ రోజు స్టూడియోలో తీయించుకున్న ఫొటో బ్లాక్ అండ్ వైట్ కాబట్టి బతికిపోయాను. అందులో నేను మామూలు నలుపే.

అమ్మీ నన్ను కొట్టలేదు. పెరట్లో కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసి తుడుస్తూ ఉండిపోయింది. ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రం శనగపిండి, పసుపు, పాల మీగడ కలిపి వారానికి రెండుసార్లు నా మొహానికి రాయడం మొదలుపెట్టింది. నాకు కావలసింది ఆ పిండి కాదు. "పిచ్చిపిల్లా, నువ్వు ఇలాగే బాగున్నావ్" అనే మాట. ఆ మాట రాలేదు. కాబట్టి నేను తవుడుకి కొన్న పిల్లనే అని ఖాయం చేసుకున్నాను.

రంగు ఒకటే అయితే ఇంత రాయక్కర్లేదు. దాని వెనక ఇంకో కథ ఉంది. పిల్లలకి చెప్పరు గానీ పిల్లలకి తెలిసిపోతుంది.

నానా వాళ్ళు సికాకోల్ నుంచి వచ్చిన ఖాందాన్. మీరు శ్రీకాకుళం అనేదే మా నానీమాకి సికాకోల్. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ అక్కడ 1641లో జామా మసీదు కట్టించాడు. మా వాళ్ళ పెద్దలు ఆ ఫౌజులోనే ఉండేవారట. ఫౌజు నుంచి కురుపాం మార్కెట్ దగ్గర కుట్టుమిషన్ దాకా ఎలా దిగారో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. నానాకి నలుగురు ఆడపిల్లలు. మిషన్ ఒక్కటి. మూడో పిల్లకి, అంటే మా అమ్మీకి, డాక్‌లో పర్మనెంట్ పనిలో ఉన్న ఒకాయన రిష్తా వస్తే నానా జహేజ్ అడగడం లేదని విని హా అనేశారు. ఆయన గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నూర్‌బాషా మనిషి. అంటే దూదేకుల. పేరు ముందు షేక్ అని ఉంది, ఐదు పూటలా నమాజ్ ఉంది, ఇంట్లో మాట మాత్రం తెలుగు.

మన లోపలి సంగతి మనకి తెలుసు. అల్లా ముందు ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం. సలామ్ తిప్పి చెప్పులేసుకునేలోపు షేకా, సయ్యదా, పఠానా, లేకపోతే "వో లోగా" అని లెక్కలు మొదలవుతాయి. దూది ఏకే విల్లు పట్టిన వాళ్ళ పిల్లనివ్వరు, తీసుకోరు. తీసుకున్నా గుర్తుచేస్తూనే ఉంటారు. మా అబ్బా ఉర్దూ మాట్లాడితే మధ్యలో తెలుగు క్రియ వచ్చేసేది. ఖాలాలు పమిట అడ్డుపెట్టుకుని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేసేవారు. ఆయన రంగు, ఆయన ముక్కు, ఆయన వెడల్పు నుదురు మా ముగ్గురిలో నాకొక్కదానికే వచ్చాయి.

ఆ అబ్బా రోజూ ఏ ఓడ పని చేస్తే ఆ రంగులో ఇంటికొచ్చేవారు. గంధకం ఓడైతే పసుపు. ఎరువుల ఓడైతే బూడిద. బొగ్గైతే కళ్ళు మాత్రం కనబడేవి. "ఈరోజు ఏం ఓడ?" అని నేను గుమ్మంలోనే చెప్పేసేదాన్ని. అది మా ఇద్దరి ఆట. పెరట్లో నాలుగు బకెట్లు పోసుకున్నాక అబ్బా మళ్ళీ తన రంగులోకి వచ్చేవారు. అది నా రంగే. కానీ చూడండి, అప్పుడు కూడా నాకు తట్టలేదు నేను ఈయన పిల్లనని. నాకు అమ్మీ పిల్లని కావాలనుండేది.

బళ్ళో ఇంకో రకం. తెలుగు పద్యం తప్పు లేకుండా అప్పజెబితే టీచరు, "చూడండర్రా, తురకలమ్మాయి ఎంత చక్కగా చెప్పిందో, మీకేం రోగం" అని మిగతా పిల్లల్ని తిట్టేవారు. పొగడ్తే. నేను ఇంటికొచ్చేదాకా పొంగిపోయేదాన్ని. ఇంటికొచ్చాక ఖాలా ముందు పొరపాటున తెలుగు మాట దొర్లితే, "బాప్ కీ జుబాన్ ఆ గయీ" అనేవారు. ఆ పద్యం నా సొంతమో, ఈ జుబాన్ నా సొంతమో నాకు తేలేది కాదు.

ఎండాకాలం సెలవుల్లో అబ్బా ఊరెళితే అక్కడైనా హాయిగా ఉండాలి కదా. అక్కడ అందరూ నా రంగే. నాయనమ్మ అచ్చం నేనే, డెబ్బై ఏళ్ళ నేను. మా పెదనాయన అప్పటికింకా దూది ఏకేవారు. ఆ విల్లు తాడు మీద కొడితే టంగ్ టంగ్ అని మోగుతూ దూది పొగమంచులా లేచేది. ఆయన కనురెప్పలన్నీ తెల్లగా అయ్యేవి. మా వన్ టౌన్ నలుపు ధూళి, వీళ్ళది తెలుపు ధూళి అని నవ్వుకున్నాను. కానీ అక్కడి పిల్లలు నన్ను ఆటలో చేర్చుకునేవారు కాదు. "టౌను తురకపిల్ల వచ్చిందిరోయ్" అనేవారు. నేను నీళ్ళని పానీ అంటానని. రాత్రి నాయనమ్మ పక్కలో పడుకుని ఏడిస్తే ఆవిడ, "ఏందే ఈ పిల్ల, పగలంతా బాగానే ఉందిగా" అని నా వీపు మీద చరుస్తూ నిద్రపోయేది. ఆ చెయ్యి మాత్రం ఎంత బరువుగా ఉండేదో. నిద్రలో కూడా తియ్యదు.

ఖుర్ఆన్ చెప్పే ఉస్తానీ బీబీ గురించి చెప్పకుండా ఉండలేను. దర్గా మెట్ల పక్క ఒక గది, అందులో చాప, పది మంది పిల్లలం. ఒకరోజు కోయిలా గొడవలో నేను ఖాలా కొడుకు సిపారాని విసిరేయబోయాను. బీబీ నా చెయ్యి పట్టుకుని ఆపి, అందర్నీ కూర్చోబెట్టి జాహిర్ (రజి.) కథ చెప్పింది. ఆయన ఎడారిలో ఉండే మనిషి, పల్లె సరుకులు తెచ్చి మదీనా బజారులో అమ్ముకునేవాడు. చూడ్డానికి అందంగా ఉండేవాడు కాదు. ఒకరోజు బజారులో సరుకు అమ్ముకుంటుంటే హుజూర్ (స) వెనకనుంచి వచ్చి గట్టిగా వాటేసుకున్నారు. ఎవరది, వదులు అని ఆయన గింజుకుని, తిరిగి చూసి ఎవరో తెలిశాక, వదిలించుకోవడం మానేసి ఇంకా దగ్గరికి ఒదిగిపోయాడు. ఈ గులామ్‌ని ఎవరు కొంటారు అని హుజూర్ (స) నవ్వులాటకి కేకేశారు. యా రసూలల్లాహ్, నన్నమ్మితే మీకేం గిట్టదు అన్నాడు జాహిర్. అల్లా దగ్గర నువ్వు చవక కాదు అన్నారు హుజూర్ (స).

బీబీ కళ్ళు తుడుచుకుంది. నేను చెయ్యెత్తి అడిగాను: "బీబీ, ఆయన్ని కూడా తవుడుకి కొన్నారా?"

పిల్లలు ఘొల్లుమన్నారు. బీబీ నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఆరోజు సబఖ్ అయ్యేదాకా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆవిడ దుపట్టాకి కర్పూరం వాసన ఉండేది.

1986లో ఆపాకి రిష్తా వచ్చింది. అబ్బాయి వాళ్ళది రాజమండ్రి, పెద్ద ఖాందాన్, బట్టల వ్యాపారం. ఆదివారం జుహర్ తర్వాత చూసుకోవడానికి వస్తామన్నారు. నాకు పదేళ్ళు. ముందురోజే నా కొత్త ఫ్రాకు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే అమ్మీ వచ్చి, నా చేతిలో రొట్టె, బెల్లం ముక్క ఉన్న డబ్బా పెట్టి, "నువ్వు పైన దర్గా దగ్గర కూర్చో బేటా. మగ్రిబ్ అజాన్ దాకా రాకు" అంది.

"కైకూ?"

"ఇంట్లో జాగా లేదు. పిల్లలు గోల చేస్తారు."

భాయ్ అద్దం ముందు కొత్త షర్టులో తల దువ్వుకుంటున్నాడు. వాడికి జాగా ఉంది.

కొత్త ఫ్రాకు వేసుకోలేదు. పాతదానితోనే మెట్లెక్కాను. ఒక్కో మెట్టు మీద ఒక్కో తీర్మానం. ఇంటికి వెళ్ళను. ఓడెక్కి పోతాను. ఎవరు కావాలంటే వాళ్ళకి తవుడు తిరిగిచ్చేస్తాను. పైన దర్గా జాలీకి మన్నత్ దారాలు కడుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని, నన్ను తెల్లగా చెయ్యమని కాదు, అసలు కనబడకుండా చెయ్యమని దువా చేశాను. పదేళ్ళ పిల్ల చేసే దువా కాదది. ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

కాసేపటికి అబ్బా వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల షర్టు, అత్తరు వాసన, చేతిలో వేయించిన వేరుశనక్కాయల పొట్లాలు రెండు. వచ్చి నా పక్కన గోడ మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. ఒక పొట్లం నాకిచ్చారు.

ఆ సాయంత్రం నా బాల్యం మొత్తంలో నేను దాచుకున్న ఒకే ఒక్క మంచి రోజు. అబ్బా నాకు ఓడల్ని చూడ్డం నేర్పారు. ఛానల్‌లోకి ఓడ దానంతటది రాదు, పోర్టు పైలట్ సముద్రంలోకి వెళ్ళి ఓడెక్కి తీసుకొస్తాడు. టగ్ బోట్లు చిన్నవైనా అవే తిప్పుతాయి. నీళ్ళ గీత చూస్తే ఓడ నిండుగా ఉందో ఖాళీగా ఉందో చెప్పొచ్చు. ఒక ఖాళీ ఓడ అడుగున ఎర్ర రంగు కనబడేలా పైకి తేలి వస్తుంటే, "చూడు, నింపుకోడానికి వస్తోంది" అన్నారు. నేను ఆయన చంకలో తలపెట్టుకున్నాను. పోర్టు వైపు గాలి. శనక్కాయ పొట్టు, బొగ్గు పొడి కలిసి మా మీద పడుతూ ఉంది. ఇంట్లో అంత ముఖ్యమైన పని పెట్టుకుని కూడా నాకోసం వచ్చేశారు కదా అని ఎంత గర్వపడ్డానో. ఆపాకి అమ్మీ ఉంటే నాకు అబ్బా ఉన్నారని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

రిష్తా కుదిరింది. షాదీ అయింది. ఏళ్ళు గడిచాయి. నా షాదీకి మాత్రం వచ్చినవాళ్ళు వచ్చారు, చూసినవాళ్ళు చూశారు, ఆ కథ మీలో చాలామందికి తెలిసిందే, మళ్ళీ చెప్పను. చివరికి స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన నన్ను చూసి టీ బాగుందన్నారు, అంతే. గాజువాక కోడలినయ్యాను. 2003లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. అమ్మీ వన్ టౌన్ ఇల్లు వదలనంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కదా. వన్ టౌన్ ఇంటి రేకులు లేచిపోయాయి. మర్నాడు దారిపొడుగునా పడిపోయిన చెట్లు దాటుకుంటూ వెళ్ళి అమ్మీని మా ఇంటికి తెచ్చుకున్నాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలు లేవు. రాత్రి ఇషా అయ్యాక చేసేదేముంది, అమ్మీ, నేను, మా తొమ్మిదేళ్ళ పాప హాల్లో చాప మీద పడుకునేవాళ్ళం.

మూడో రాత్రి అమ్మీ అంది: "పాపకి ఆ ట్యూబ్ కైకూ రాస్తున్నావ్?"

నాకు సిగ్గేసింది. మా పాప నా రంగే. బళ్ళో డాన్సులో వెనక వరసలో నిలబెట్టారని ఏడిస్తే, గులాబీ రంగు ట్యూబ్ కొన్నాను. నేను పుట్టిన రోజుల్లోనే, 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీయే. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. అది తర్వాత సంగతి. అద్దం వెనక దాచి రాస్తున్నాను, ఎవరికీ తెలియదనుకున్నాను. దొరికిపోయిన దొంగకి కోపమే కదా వచ్చేది.

"నువ్వు నాకు శనగపిండి రాయలేదా? ఆపాని చూడ్డానికొచ్చిన రోజు నన్ను కొండ మీదికి పంపలేదా? నల్లగా ఉన్నానని దాచలేదా?"

ఇరవై ఎనిమిదేళ్ళు నోట్లో పెట్టుకున్న మాట. చీకటి కాబట్టి వచ్చింది.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తస్బీహ్ గింజలు కదులుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"నల్లగా ఉన్నావని కాదు. నువ్వు ఆయనలా ఉన్నావని."

నాకర్థం కాలేదు.

"వాళ్ళు ఖాందాన్ అడుగుతారని మీ మామూకి భయం. మీ అబ్బా నోరు తెరిస్తే తెలిసిపోతుంది. నిన్ను చూసినా తెలిసిపోతుంది, ఆయన మొహమే కదా నీది. అబ్బా డ్యూటీలో ఉన్నారు, ఓడ వచ్చింది అని చెప్పమన్నాడు మామూ. బాత్ పక్కా అయ్యేదాకా."

"అబ్బాకి తెలుసా?"

"పొద్దున్నే లేచి షర్టు తనే ఇస్త్రీ చేసుకున్నారు. అత్తరు రాసుకున్నారు. వచ్చేవాళ్ళకి ఏం మాట్లాడాలో ఉర్దూలో నాలుగు ముక్కలు నా దగ్గర రెండుసార్లు అప్పజెప్పారు. అప్పుడొచ్చాడు మీ మామూ. ఆయన అంతా విని, అచ్ఛా అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు."

నేను లేచి కూర్చున్నాను. ఆ రోజు నాకోసం కొండెక్కారనుకున్నాను. ఆయన్నీ ఇంట్లోంచి పంపేశారు. ఎక్కడికెళ్ళాలో తెలియక, మగ్రిబ్ దాకా పొద్దుపోక, నేనెక్కడున్నానో తెలుసు కాబట్టి వచ్చారా? దారిలో శనక్కాయల బండి దగ్గర ఆగి రెండు పొట్లాలు కట్టించుకున్నారు. రెండు.

"ఆ తర్వాత వాళ్ళకి తెలియలేదా?"

"మాంఝా రోజుకే తెలిసింది. ఏమీ అనలేదు వాళ్ళు. ఆపా మామగారు భోజనాల దగ్గర మీ అబ్బా పక్కనే కూర్చుని ఓడల గురించి అడుగుతూనే ఉన్నారు, నీకు గుర్తులేదా?" అమ్మీ గొంతు అక్కడ ఆగింది. "ఆ షర్టు కాలర్ నిండా బొగ్గు. రెండుసార్లు ఉతికాను, పోలేదు. ఆయన మళ్ళీ అది తొడుక్కోనూ లేదు."

పాప నిద్రపోయిందనుకున్నాం. అది మా ఇద్దరి మధ్యా కదిలింది.

"నానీ, అమ్మీని నిజంగా తవుడుకి కొన్నారా?"

"ఎవరే నీకు చెప్పింది?"

"అమ్మీనే. కోపమొస్తే నన్ను కూడా అంటుంది." కాసేపాగి, "తవుడంటే ఏంటి?" అంది.

గాజువాకలో పుట్టిన పిల్ల, తవుడు ఎక్కడ చూస్తుంది. అమ్మీ చీకట్లోనే లేచి గోడకి ఆనుకుని కూర్చుంది. వడ్లు దంచినప్పుడు ముందు ఊక పోతుంది, అని మొదలుపెట్టింది. ఆ తర్వాత బియ్యానికి పైనుండే సన్నటి పొర, ఎర్రగా ఉంటుంది, బలమంతా దాంట్లోనే, తెల్లగా కనబడాలని దాన్ని తీసేస్తారు. తీసి గేదెలకి పెడతారు.

"ఎందుకు తీస్తారు మరి?" అంది పాప.